ఇచ్చిన అక్షరాలన్నీ ఉండే పొడవైన ఇంగ్లీషు పదాన్ని పట్టుకోవడం ఎలా?

‘‘కె, డబ్ల్యు, డి, ఎం. ఈ నాలుగూ ఉండే పెద్ద ఇంగ్లీషు పదం ఏదైనా ఉందా?’’ ఇలాంటి ప్రశ్న నన్ను తరచూ అడుగుతుంటారు. అక్షరాలు మారతాయి, ప్రశ్న మాత్రం ఇదే. ఒక్కొక్కరికి ఒక్కో పదం చెప్పి పంపేకన్నా, పట్టుకునే పద్ధతే రాసి పెడితే ఎవరికి వాళ్లు వెతుక్కోగలరు. ఆ నాలుగక్షరాల జవాబు మధ్యలో వస్తుంది. ఈలోగా మీరూ ఒకసారి ప్రయత్నించండి.

మొదలుపెట్టేముందు ఒక సంగతి. ఇక్కడ అక్షరం అంటే ఇంగ్లీషు లెటరు. మన లెక్క వేరు. ‘స్ట్రెంగ్త్స్’ అని తెలుగులో రాస్తే రెండే అక్షరాలు: స్ట్రెం, గ్త్స్. ఇంగ్లీషులో అవే తొమ్మిది: ఎస్-టి-ఆర్-ఇ-ఎన్-జి-టి-హెచ్-ఎస్. అందులో అచ్చు ఒక్కటే, ఆ ‘ఇ’. కాబట్టి ఈ పనిలో చెవిని నమ్మకండి, కాగితం మీది స్పెల్లింగునే నమ్మండి. మన తెలుగువాళ్లం ఎక్కువగా జారేది ఇక్కడే, అందుకే దీని గురించి కింద విడిగా రాశాను.

కావలసినవి

కాగితం, పెన్సిలు. నమ్మకమైన డిక్షనరీ ఒకటి, పుస్తకమైనా యాప్ అయినా సరే. కంప్యూటరుతో వెతకాలనుకుంటే ఇంగ్లీషు పదాల జాబితా ఉన్న ఫైలు ఒకటి, దాన్ని తెరవడానికి ఎక్సెల్ లాంటి స్ప్రెడ్‌షీటు. కంప్యూటరు లేకపోయినా ఆరో మెట్టు దాకా అన్నీ కాగితం మీదే చేయొచ్చు. చేతితో వెతికినవాళ్లకే తర్వాత కంప్యూటరు కూడా బాగా లొంగుతుంది, ఎందుకంటే వాళ్లకు ఏం అడగాలో తెలిసి ఉంటుంది.

1. మిమ్మల్ని అడిగింది ఏ ప్రశ్నో తేల్చుకోండి

‘‘ఈ అక్షరాలతో పదం’’ అన్న మాటలో కనీసం అయిదు వేర్వేరు ప్రశ్నలు దాగి ఉన్నాయి.

మొదటిది, ఇచ్చిన అక్షరాలతోనే, ఒక్కటి కూడా మిగలకుండా, కొత్తది కలపకుండా పదం కట్టడం. ఏ, సి, డి, ఇ, ఐ, ఎన్, ఓ, టి, యు ఇచ్చారనుకోండి. ‘ఎడ్యుకేషన్’ వస్తుంది. అవే తొమ్మిదితో ‘ఆక్షన్డ్’, ‘కాషన్డ్’ కూడా వస్తాయి. ఈ రకంలో పదం పొడవు ముందే ఖాయమైపోయింది, పొడవైనదాన్ని వెతకడమన్న మాటే లేదు.

రెండోది, ఇచ్చిన అక్షరాలన్నీ పదంలో ఎక్కడో ఒకచోట ఉండాలి, మిగతావి ఏమైనా ఉండొచ్చు. ఈ వ్యాసం ముఖ్యంగా దీని గురించే.

మూడోది, ఆ అక్షరాలు పక్కపక్కనే, అదే వరుసలో ఉండాలి. పి-హెచ్-టి-హెచ్ అని నాలుగు వరసగా కావాలంటే ‘డిఫ్తాంగ్’, ‘నాఫ్తలీన్’, ‘ఆఫ్తల్మాలజిస్ట్’ దొరుకుతాయి.

నాలుగోది, వరుస తప్పకూడదు గానీ మధ్యలో వేరే అక్షరాలు దూరొచ్చు. ఏ, ఇ, ఐ, ఓ, యు అదే క్రమంలో రావాలంటే ‘ఫసీషస్’: ఎఫ్-ఏ-సి-ఇ-టి-ఐ-ఓ-యు-ఎస్. చివర ఎల్-వై తగిలిస్తే వై కూడా వరుసలోకి వచ్చేస్తుంది.

అయిదోది, ఇచ్చినవి తప్ప మరేవీ రాకూడదు, ఉన్నవాటిని మాత్రం ఎన్నిసార్లయినా వాడుకోవచ్చు. న్యూయార్క్ టైమ్స్ వారి ‘స్పెల్లింగ్ బీ’ అనే పదాల ఆట ఇలాంటిదే. ఏడక్షరాలిస్తారు, మధ్య గడిలోది తప్పనిసరిగా ఉండాలి, పదం నాలుగక్షరాలకు తగ్గకూడదు.

ఏ ప్రశ్నో తేలకుండా వెతకడం మొదలుపెడితే గంట తర్వాత దొరికిన పదం పనికిరాదు. అడిగినవాళ్లను మొహమాటపడకుండా అడగండి: ‘‘వేరే అక్షరాలు కలపొచ్చా? వరుస ముఖ్యమా? ఇచ్చిన అక్షరం రెండోసారి రావొచ్చా?’’ ఈ మూడు ప్రశ్నలు చాలు.

ఆట కోసమైతే హద్దు కూడా తెలుసుకోండి. అక్షరాల బిళ్లలతో పదాలు కట్టే స్క్రాబుల్ ఆటలో బోర్డు మీద అడ్డంగా పదిహేను గళ్లే ఉంటాయి కాబట్టి అంతకన్నా పొడవైన పదం అక్కర్లేదు. బ్రిటన్‌లో 1982 నుంచి వస్తున్న ‘కౌంట్‌డౌన్’ టీవీ ఆటలో ఇచ్చేవే తొమ్మిది అక్షరాలు.

2. ఏ అక్షరం ఎన్నిసార్లో రాసుకోండి

ఇచ్చిన అక్షరాలను ఉన్నవున్నట్టు కాకుండా, పక్కన అంకె వేసి రాయండి. పి-1, ఎస్-4, వి-1 అని. ‘ఎస్ నాలుగుసార్లు’ అన్న షరతును ‘ఎస్ ఉంటే చాలు’ అని చదివేసుకోవడం ఈ పనిలో అన్నిటికన్నా మామూలు పొరపాటు. ‘పొసెషన్’లో నాలుగు ఎస్‌లున్నాయి గానీ వి లేదు. ‘పొసెసివ్‌నెస్’ తీసుకుంటే ఆరు ఎస్‌లు, వి కూడా ఉంది, పదం మొత్తం పద్నాలుగు అక్షరాలు. నాలుగు కావాలన్నప్పుడు ఆరు ఉండొచ్చా అన్నది మళ్లీ మొదటి మెట్టులోనే అడిగి ఉండాల్సిన ప్రశ్న.

3. అరుదైన అక్షరాలను పక్కకు తీయండి

అక్షరాలన్నీ ఒకే బరువు కాదు. ఇ, ఏ, ఐ, ఎన్, ఆర్, టి ఇచ్చారంటే ఏమీ ఇవ్వనట్టే, పెద్ద పదాల్లో అవి వాటంతటవే వచ్చి పడతాయి. వెతుకులాటను నడిపించేవి క్యూ, జె, ఎక్స్, జెడ్, కె, ఆ తర్వాత డబ్ల్యు, వి, ఎఫ్, వై, హెచ్.

ఏది ఎంత అరుదో గుర్తుంచుకోవడానికి స్క్రాబుల్ బిళ్లల లెక్క తేలిక. ఆల్‌ఫ్రెడ్ బట్స్ 1930ల్లో ఈ ఆటను తయారుచేసేటప్పుడు పత్రికల్లో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తోందో కూర్చుని లెక్కపెట్టాడు. నూరు బిళ్లల్లో ఇ పన్నెండు, ఏ తొమ్మిది, ఐ తొమ్మిది, ఓ ఎనిమిది, ఎన్, ఆర్, టి తలా ఆరు. కె, జె, ఎక్స్, క్యూ, జెడ్ ఒక్కొక్కటే. హెచ్ రెండే ఉండడం చూసి ఆశ్చర్యపోకండి. మామూలు రాతలో హెచ్ ఎక్కువగా కనబడేది ‘ది’, ‘దిస్’, ‘దట్’ లాంటి చిన్న మాటల వల్ల. డిక్షనరీలోని పదాల్లో అంత ఉండదు.

మీ అక్షరాల్లో అందరికన్నా అరుదైనదాని కింద గీత గీయండి. పదం దాని చుట్టూనే కట్టాలి.

4. అరుదైన అక్షరానికి ఒక మొదలు వెతకండి

పొడవైన ఇంగ్లీషు పదం ఒక్క ముక్కగా పుట్టదు. మధ్యలో ఒక మొదలు, అంటే మూలమైన ముక్క, దానికి ముందు ఒక తల, వెనక ఒకటో రెండో తోకలు. అరుదైన అక్షరం చాలావరకు మొదలులోనే ఉంటుంది. అందుకని ఒక్కో అరుదైన అక్షరానికి నాలుగైదు మొదళ్లు జేబులో ఉంచుకోవాలి. నావి ఇవి:

క్యూ: దాని వెనక దాదాపు ఎప్పుడూ యు ఉంటుంది, కాబట్టి ఒక అచ్చు వచ్చేసినట్టే. క్వెస్ట్, క్వాల్, క్వాంట్, సీక్వెన్.

జె: జెక్ట్, జంక్ట్, జస్ట్, జడ్జ్, జూరిస్. ఇక్కడో హెచ్చరిక. మన చెవికి ‘జ’ అని వినబడ్డచోటల్లా జె ఉండదు. జియాలజీలో జె ఒక్కటీ లేదు, రెండూ జి-లే.

ఎక్స్: ఎక్స్‌ట్రా, ఎక్స్‌పెరి, టాక్సిక్, ఆక్సి, ప్రాక్సిమ్, ఫ్లెక్స్.

కె: నో, వర్క్, మార్క్, బ్యాక్, బ్రేక్. డబ్ల్యు: మళ్లీ నో, వర్క్, ఆపైన వర్దీ, వైజ్, పవర్. చూశారా, కె, డబ్ల్యు రెండూ కావాలంటే ‘నో’, ‘వర్క్’ రెండు చోట్లా ఉన్నాయి.

వి: తోకల్లోనే దొరుకుతుంది, ఐవ్, ఐవ్‌నెస్, ఐవిటీ. ఎఫ్ కూడా అంతే, ఫుల్, ఫికేషన్.

జెడ్ దగ్గర ఆగాలి. ‘ఐజ్’, ‘ఐజేషన్’ తోకలతో జెడ్ ఉన్న పెద్ద పదాలు బోలెడు కట్టొచ్చు గానీ, అదే తోకను బ్రిటిష్ స్పెల్లింగులో ఎక్కువగా ఎస్‌తో రాస్తారు. ‘ఆర్గనైజేషన్’లో జెడ్ ఉందా లేదా అన్నది మీరు తెరిచిన డిక్షనరీని బట్టి ఉంటుంది. ఏ స్పెల్లింగు చెల్లుతుందో ముందే ఖాయం చేసుకోండి.

ఇప్పుడు మన నాలుగక్షరాలు: కె, డబ్ల్యు, డి, ఎం. అరుదైనవి కె, డబ్ల్యు. రెండూ ఉన్న మొదలు ‘నో’, అంటే కె-ఎన్-ఓ-డబ్ల్యు. దాన్ని పొడిగిస్తే ‘నాలెడ్జ్’, డి వచ్చింది. ఇక ఎం ఒక్కటే బాకీ. ఎం తెచ్చే తోక ‘మెంట్’. నాలెడ్జ్‌కు మెంట్ నేరుగా అతకదు గానీ ముందు ఏ-సి పెడితే అతుకుతుంది: అక్నాలెడ్జ్‌మెంట్. ఏ-సి-కె-ఎన్-ఓ-డబ్ల్యు-ఎల్-ఇ-డి-జి-ఇ-ఎం-ఇ-ఎన్-టి, పదిహేను. పుస్తకాల మొదటి పేజీల్లో కృతజ్ఞతలు చెప్పే చోట అందరూ చూసిన మాటే ఇది. బహువచనం ఒప్పుకుంటే పదహారు.

ఇవే నాలుగూ ‘మిల్క్‌వీడ్’లో ఉన్నాయి, ఎనిమిది అక్షరాలు. ‘డౌన్‌మార్కెట్’లోనూ ఉన్నాయి, పది. మొదట తట్టిన పదం దగ్గర ఆగిపోకండి. అది జవాబే, కానీ పొడవైన జవాబు కాకపోవచ్చు.

5. తోక, తల తగిలించి పొడిగించండి

ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. సి, హెచ్, ఎల్, పి, ఆర్, వై ఇచ్చారనుకోండి. అచ్చు ఒక్కటీ లేదు, చూడగానే భయం వేస్తుంది. విడివిడిగా చూడకుండా జంటలు కట్టి చూడండి. పి-హెచ్ ఒక జంట, ఎల్-వై ఒక తోక. సి ముందుకొస్తే ‘ఇకల్లీ’. ఆర్ మిగిలింది. ఆర్, పి-హెచ్ కలిసి ఉండేది ‘గ్రాఫ్’లో. అంతే, ‘గ్రాఫికల్లీ’: జి-ఆర్-ఏ-పి-హెచ్-ఐ-సి-ఏ-ఎల్-ఎల్-వై. పదకొండు అక్షరాలు, అడిగిన ఆరూ ఉన్నాయి.

అసలు మజా ఇప్పుడు మొదలవుతుంది. షరతులన్నీ తోకలోనే తీరిపోయాయి కాబట్టి ముందు ఏ తల పెట్టినా చెల్లుతుంది. ‘జియో’ పెడితే పద్నాలుగు. ‘ఫోటో’ పెడితే పదహారు. ‘ఆటోబయో’ పెడితే పద్దెనిమిది. ‘సినిమాటో’తో పంతొమ్మిది, ‘క్రిస్టలో’తో ఇరవై. మెదడులోని విద్యుత్తును నమోదు చేసే పరీక్ష పేరు నుంచి వచ్చిన ‘ఎలక్ట్రోఎన్‌సెఫలోగ్రాఫికల్లీ’ దగ్గరికి వెళితే ఇరవై ఏడు. ఆరు అక్షరాల నుంచి ఇరవై ఏడు దాకా ఒకే నిచ్చెన. అక్షరాలన్నిటినీ మింగే తోకను పట్టుకోవడం ఒక్కటే కష్టం. అది దొరికాక పైకెక్కడం తేలిక.

తోకలు ఏయే అక్షరాలు తెస్తాయో గుర్తుంచుకోండి. ‘నెస్’ ఒక ఎన్, ఒక ఇ, రెండు ఎస్‌లు తెస్తుంది. ‘ఎబిలిటీ’ తోక ఏ, బి, ఎల్, టి, వై, పైగా రెండు ఐ-లు. ‘ఫికేషన్’ ఎఫ్, సి, టి, ఎన్. జె, ఎఫ్ రెండూ ఉండాలంటే ‘ఆబ్జెక్ట్’ మొదలుకు ఈ తోక తగిలిస్తే ‘ఆబ్జెక్టిఫికేషన్’, పదిహేను.

అతుకు దగ్గర జాగ్రత్త. తోక తగిలించగానే పాత అక్షరం ఒకటి రాలిపోవచ్చు. ‘ట్రస్ట్‌వర్దీ’లో చివర వై ఉంది. దానికి ‘నెస్’ తగిలిస్తే ‘ట్రస్ట్‌వర్దీనెస్’ అవుతుంది, పదిహేను అక్షరాలు, పొడవు పెరిగింది, కానీ వై పోయి ఆ చోట ఐ వచ్చింది. మీకిచ్చిన వాటిలో వై ఉంటే చేతిలో ఉన్న జవాబును మీరే పాడుచేసుకున్నట్టు. వినడానికి రెండూ ‘ఈ’ కాబట్టి మనకు తేడా తెలియదు. ‘సబ్జెక్టివ్’ను ‘సబ్జెక్టివిటీ’ చేసినప్పుడు కూడా చివరి ఇ రాలిపోతుంది. ‘అక్నాలెడ్జ్‌మెంట్’నే అమెరికన్లు జి తర్వాత ఇ లేకుండా పద్నాలుగు అక్షరాలతో రాస్తారు. తోక మార్చిన ప్రతిసారీ పదాన్ని మొదటి నుంచి మళ్లీ రాయండి, మనసులో అతికించి ఊరుకోవద్దు.

6. వినబడని అక్షరాలను వెతకండి

ఎంత వెతికినా పదం తట్టడం లేదంటే, కావలసిన అక్షరం మీకు తెలిసిన పదంలోనే మౌనంగా కూర్చుని ఉండొచ్చు. తెలుగులో రాసిందే పలుకుతాం, పలికిందే రాస్తాం. ఆ అలవాటుతో ఇంగ్లీషు పదాలను కూడా మనసులో తెలుగు లిపిలోనే దాచుకుంటాం. ‘సైకాలజీ’ అని దాచుకున్నవాళ్లకు అందులో పి, హెచ్ ఉన్నాయని వెతికే వేళకు గుర్తుకురాదు. ‘రిథమ్’లో హెచ్ రెండుసార్లుంది. ‘డెట్’లో బి, ‘కాలమ్’ చివర ఎన్, ‘ఐలాండ్’లో ఎస్, ‘నాలెడ్జ్’లో కె, డబ్ల్యు, డి. పైన మనం కట్టిన అక్నాలెడ్జ్‌మెంట్‌లో కె వినబడుతుంది గానీ డబ్ల్యు వినబడదు, వినుకుంటూ వెతికినవాళ్లకు అది దొరకదు.

కళ్ల డాక్టరును పిలిచే ‘ఆఫ్తల్మాలజిస్ట్’ను ఇంగ్లీషులో రాయమంటే చాలామంది పి తర్వాతి హెచ్‌ను వదిలేస్తారు. సరైన స్పెల్లింగు ఓ-పి-హెచ్-టి-హెచ్-ఏ-ఎల్-ఎం-ఓ-ఎల్-ఓ-జి-ఐ-ఎస్-టి. రెండు హెచ్‌లు, పదిహేను అక్షరాలు.

అందుకని అక్షరం నుంచి కాకుండా శబ్దం నుంచి కూడా ఒకసారి రండి. పి, హెచ్ రెండూ ఇచ్చారంటే ‘ఫ’ శబ్దం ఉన్న పదాలు తలుచుకోండి. సి, హెచ్ ఇస్తే ‘చ’ ఒక్కటే కాదు, ‘క’ కూడా రావచ్చు, ‘ఆర్కిటెక్చర్’లోలాగా. జి, హెచ్ ఇస్తే ఒక్కోసారి ఏ శబ్దమూ ఉండదు, ‘నైట్’, ‘థాట్’ చూడండి.

7. జాబితాతో వెతకండి

చేతితో ఒక పదం దొరికాక, దానికన్నా పొడవైనది ఉందేమో తేల్చాల్సింది జాబితా. ముందు ఏ జాబితా అన్నది తెలుసుకోవాలి, జవాబు దాని మీదే ఆధారపడుతుంది. మ్యాక్ కంప్యూటర్లలో ‘వర్డ్స్’ అనే ఫైలు ముందే ఉంటుంది. అందులోని సుమారు 2,35,000 పదాలు 1934 నాటి వెబ్‌స్టర్ పెద్ద డిక్షనరీ నుంచి తీసుకున్నవి. పాత మాటలు దండిగా ఉంటాయి, కొత్త మాటలు, బహువచనాలు చాలావరకు ఉండవు. ‘ఎనేబుల్’ అనే ఉచిత జాబితాలో సుమారు 1,72,000 పదాలు, బహువచనాలతో సహా. కాలిన్స్ స్క్రాబుల్ జాబితా పదిహేను అక్షరాల దగ్గర ఆగిపోతుంది కాబట్టి, అందులో వెతికితే మన ఇరవై అక్షరాల ‘క్రిస్టలోగ్రాఫికల్లీ’ ఎన్నటికీ రాదు.

స్ప్రెడ్‌షీటులో ఇలా చేయండి. మొదటి నిలువు వరుసలో పదాలన్నీ పెట్టండి, ఎక్సెల్ ఒక్క షీటులో 10,48,576 అడ్డు వరుసలు పడతాయి కాబట్టి చోటుకు కరువు లేదు. రెండో నిలువు వరుసలో ‘లెన్’ ఫంక్షన్‌తో పదం పొడవు. ఆ తర్వాత ఒక్కో అక్షరానికి ఒక్కో నిలువు వరుస: ‘సబ్‌స్టిట్యూట్’తో పదంలోంచి ఆ అక్షరాన్ని తీసేసి, మిగిలినదాని పొడవును మొదటి పొడవులోంచి తీసివేయండి. వచ్చేది ఆ అక్షరం ఎన్నిసార్లుందో ఆ సంఖ్య. ఉదాహరణకు ‘అసెస్‌మెంట్స్’ పదకొండు అక్షరాలు, ఎస్‌లు తీసేస్తే ఆరు మిగులుతాయి, అంటే ఎస్‌లు అయిదు. చివరగా ప్రతి నిలువు వరుసకూ మీ రెండో మెట్టు అంకె ప్రకారం ఫిల్టరు పెట్టి, పొడవును బట్టి పెద్దది పైకి వచ్చేలా అమర్చండి.

ఇక్కడ జరిగే తప్పులు మూడు. సబ్‌స్టిట్యూట్‌కు పెద్ద బడి, చిన్న బడి అక్షరాలు వేరువేరు, కాబట్టి ముందే ‘లోయర్’తో అన్నిటినీ చిన్నవి చేయండి. పదం వెనక కనబడని ఖాళీ ఉంటే పొడవు ఒకటి ఎక్కువ చూపిస్తుంది, ‘ట్రిమ్’ వేయండి. కొన్ని జాబితాల్లో అపాస్ట్రఫీతో ఎస్ ఉన్న రూపాలు కూడా ఉంటాయి, వాటిని తీసేయకపోతే అవే పైకి తేలతాయి.

ఫైలులో వెతికే ‘గ్రెప్’ కమాండు వాడే అలవాటున్నవాళ్లు ఒక అక్షరంతో వడగట్టి, వచ్చినదాన్ని రెండో అక్షరంతో, దాన్ని మూడోదాంతో, ఇలా వరసగా వడగట్టండి. అక్షరాలన్నీ ఒకే చదరపు బ్రాకెట్లో పెట్టేసి ‘లక్ష పదాలు వచ్చాయేమిటి’ అని అడిగినవాళ్లు చాలామంది. ఆ బ్రాకెట్టుకు అర్థం ‘వీటిలో ఏదో ఒకటి’ అని, ‘ఇవన్నీ’ అని కాదు.

ఫోన్ మాత్రమే ఉంటే వన్‌లుక్ లాంటి డిక్షనరీ సైట్లలో నక్షత్రం గుర్తు పెట్టి వెతకొచ్చు. నక్షత్రం అంటే ‘ఇక్కడ ఎన్ని అక్షరాలైనా’, ప్రశ్నార్థకం అంటే ‘ఇక్కడ ఒక్క అక్షరం’. ఇది మూడో, నాలుగో రకం ప్రశ్నలకు బ్రహ్మాండంగా పనిచేస్తుంది. రెండో రకానికి మాత్రం వరుస తెలియదు కాబట్టి, వన్‌లుక్‌లో ఒక్కో అక్షరాన్ని రెండు నక్షత్రాల మధ్య పెట్టి, వాటిని కామాలతో కలిపి అడగాలి. కామా పనిచేయని సైట్లలో అక్షరాల క్రమం మార్చి మార్చి అడగాల్సి వస్తుంది.

ఏఐ చాట్‌బాట్‌ను అడగడం తప్పేమీ కాదు, ఆలోచనలు బాగానే ఇస్తుంది. కానీ అది పదాన్ని అక్షరం అక్షరంగా చూడదు, ముక్కలుగా చూస్తుంది. అందుకే అక్షరాల లెక్కలో ధైర్యంగా తప్పు చెప్పగలదు. అది ఇచ్చిన ప్రతి పదాన్నీ కింది మెట్టు దాటించాకే నమ్మండి.

8. సరిచూసుకోండి

ఈ మెట్టు వదిలేస్తే పైన చేసినదంతా వృథా.

పదాన్ని ఖాళీలు వదులుతూ పెద్దగా రాయండి. ఇచ్చిన అక్షరాలను దాని కింద రాయండి. ఒక్కో అక్షరాన్నీ కింద కొట్టేస్తూ, పైన అదే అక్షరాన్ని కూడా కొట్టేయండి. రెండు చోట్లా కొట్టాలి, అది ముఖ్యం. ఒక్కచోటే కొడితే, రెండు హెచ్‌లు కావాల్సినప్పుడు పైన ఉన్న ఒకే హెచ్‌ను రెండుసార్లు లెక్కేసుకుంటారు. కింద ఏదైనా మిగిలితే పదం పోయినట్టే.

పొడవును రెండుసార్లు లెక్కపెట్టండి, ఒకసారి ముందు నుంచి, ఒకసారి వెనక నుంచి. తెలిసిన పదాన్ని ముందు నుంచి చదివితే కళ్లు పరుగెత్తి జంటాక్షరాలను ఒకటిగా మింగేస్తాయి.

మొదటి రకం ప్రశ్నకైతే, అంటే అవే అక్షరాలతో పదం కట్టినప్పుడు, ఇచ్చినవాటినీ పదంలోవాటినీ అక్షరక్రమంలో పేర్చి పక్కపక్కన పెట్టండి. ఎడ్యుకేషన్, ఆక్షన్డ్, కాషన్డ్ మూడూ ఏ-సి-డి-ఇ-ఐ-ఎన్-ఓ-టి-యు అనే వస్తాయి. ఒక్క చోట తేడా వచ్చినా తప్పే.

తర్వాత డిక్షనరీ తెరవండి. పదం ఉందా అన్నదొక్కటే కాదు, ఎలా రాశారో చూడండి. ‘డౌన్‌మార్కెట్’ను కొన్ని డిక్షనరీలు మధ్యలో గీతతో రాస్తాయి, అలాంటిది ఒకే పదంగా చెల్లుతుందో లేదో మీ ఆట నియమాన్ని బట్టి ఉంటుంది. ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు సాధారణంగా చెల్లవు. తోకలు తగిలించి మీరే పుట్టించిన పదం ఎంత సహజంగా వినబడినా, డిక్షనరీలో లేకపోతే వదులుకోవాలి. బాధగానే ఉంటుంది, అయినా వదులుకోండి.

పొడవు చూసి మోసపోకండి

ఏ అక్షరాలడిగినా కొందరు నలభై అయిదు అక్షరాల ఆ ఊపిరితిత్తుల జబ్బు పేరు చెప్పేస్తుంటారు: ‘న్యుమోనోఅల్ట్రామైక్రోస్కోపిక్‌సిలికోవాల్కనోకోనియోసిస్’. అది అమెరికాలో 1935లో, నేషనల్ పజ్లర్స్ లీగ్ అధ్యక్షుడు ఎవరెట్ స్మిత్ పొడవు కోసమే అల్లిన పదం. అంత పొడవున్నదాంట్లో ఏదో ఒక మూల మన అక్షరాలు ఉండకపోతాయా అనుకుంటారు. ఒకసారి కొట్టేస్తూ చూడండి. పి, ఎన్, ఇ, యు, ఎం, ఓ, ఎల్, టి, ఆర్, ఏ, ఐ, సి, ఎస్, వి. వేర్వేరు అక్షరాలు పద్నాలుగే! బి లేదు, డి లేదు, జి, హెచ్, వై ఏవీ లేవు. ‘అన్‌కాపీరైటబుల్’ తీసుకోండి: యు-ఎన్-సి-ఓ-పి-వై-ఆర్-ఐ-జి-హెచ్-టి-ఏ-బి-ఎల్-ఇ. ఉన్నవి పదిహేనే, ఒక్కటీ రెండోసారి రాలేదు. నలభై అయిదక్షరాల పదం కన్నా ఇందులోనే ఒక రకం ఎక్కువుంది.

ఇంకో మాట. ‘ఇదే అన్నిటికన్నా పొడవైనది’ అని చెప్పేటప్పుడు ఏ జాబితాలో వెతికారో కలిపి చెప్పండి. జాబితా పేరు లేకుండా ఆ మాటను ఎవరూ సరిచూడలేరు.

చేయి తిరగడానికి నాలుగు

కింది జవాబులు చూడకుండా ముందు కాగితం తీయండి.

ఒకటి: జె, వి, ఎస్, టి రెండుసార్లు. రెండు: క్యూ, ఎక్స్, వై. మూడు: అచ్చులు అయిదూ, వాటితోపాటు వై, క్యూ. నాలుగు: డబ్ల్యు, హెచ్, ఆర్, యు, ఎస్ మూడుసార్లు.

మొదటిదానికి ‘కంజంక్టివైటిస్’, పద్నాలుగు: జంక్ట్ మొదలు గుర్తొచ్చి ఉంటే సగం పని అయిపోయినట్టే. రెండోదానికి చాలామంది ‘ఎక్స్‌క్విజిట్లీ’ దగ్గర ఆగుతారు, పదకొండు. ‘క్విక్సాటికల్లీ’ దాకా వెళితే పన్నెండు: క్యూ-యు-ఐ-ఎక్స్-ఓ-టి-ఐ-సి-ఏ-ఎల్-ఎల్-వై. మూడోదానికి ‘అన్‌క్వశ్చనబ్లీ’, పద్నాలుగు: యు-ఎన్-క్యూ-యు-ఇ-ఎస్-టి-ఐ-ఓ-ఎన్-ఏ-బి-ఎల్-వై. ‘అన్‌క్వశ్చనబుల్’ రాసి ఉంటే వై లేదు, అయిదో మెట్టులోని అతుకు హెచ్చరిక మళ్లీ చదవండి. నాలుగోది పైన వచ్చిందే, ‘ట్రస్ట్‌వర్దీనెస్’. ట్రస్ట్‌లో ఒక ఎస్, నెస్‌లో రెండు, కొట్టేసి చూసుకోండి.